దిగిరాని ప్రారంభోత్సవం

మా కొండ మీది అడవి బాటల్లో మౌంటెన్ బైకింగ్ సెలవులు ప్రవేశపెట్టి, ప్రపంచాన్నంతా మా గడప ముందుకు సైకిల్ తొక్కించుకొస్తామని పర్యాటక మంత్రిగారు ప్రకటించారు. ఆ మాట విని కొండ కూడా జానెడు పెరిగింది. నమ్మరా? మర్నాడు లేచి చూస్తే మా పెరటి గోడ పొట్టిగా కనబడింది.

మా అల్లుడికి అందులో గైడు ఉద్యోగం ఖాయమన్నారు. షరతు ఒక్కటే. మంత్రిగారు సైకిల్ మీద కొండెక్కి దిగాలి. దిగితేనే ప్రారంభోత్సవం అయినట్టు, అయ్యాకే ఆర్డరు. అల్లుడు ఆ ధైర్యంతో సైకిల్ రిపేరు షాపు మూసేసి టోపీ కుట్టించుకున్నాడు.

ఆ రోజు టూరిస్టులు హెల్మెట్లు పెట్టుకుని కింద బారులు తీరారు. దారి చూపిద్దామని ముందుకెళ్ళిన అల్లుణ్ణి ప్రోటోకాల్ ఆఫీసరు చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"మంత్రిగారి ముందు ఎవరూ నడవకూడదు. రూలు."

"గైడంటే ముందుండాలి కద సార్?"

"వెనకనుంచి చూపించు."

అల్లుడు వెనకనుంచే చూపించాడు. "ఎడమకి సార్! సార్, అది ఎడమ కాదు!" మంత్రిగారు తుప్పల్లోకి స్వయంగా దూరి పచ్చదనాన్ని పరిశీలించి వచ్చారు. ఆయనకి తొక్కడం రాదని గిట్టనివాళ్ళంటారు. ఆ అవసరమే రాలేదు. ఆయన కాళ్ళు పైకెత్తి కూచున్నారు, కార్యకర్తలు నెట్టారు. అంత నిబ్బరంగా కొండెక్కిన మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

పైన చప్పట్లయ్యాయి. ఇక దిగాలి. మంత్రిగారు సైకిల్ తిప్పగానే ఆఫీసరు అడ్డంపడ్డాడు.

"ఆగండి సార్! మీరు ముందు దిగితే మేమంతా మీకంటే ఎత్తున ఉంటాం. మంత్రిగారికంటే ఎత్తున ఎవరూ ఉండరాదు."

"అయితే మీరే ముందు దిగండయ్యా."

"మీకు ముందు మేం నడవకూడదు సార్."

"పోనీ, పక్కపక్కన?"

"బాట ఒక్క సైకిలు పట్టేంతే సార్."

"ఇంత గొప్ప రూలు ఎవరు పెట్టారయ్యా?"

"తమరే సార్."

"అలాగా! అయితే మార్చడానికి వీల్లేదు."

మంత్రిగారు పైనే ఉండిపోయారు. మొదట డేరా వెళ్ళింది, తర్వాత బల్ల, ఆ తర్వాత డిపార్టుమెంటు మొత్తం. పైకి ఫైళ్ళు మోసే భాగ్యం మా అల్లుడికి దక్కింది, జీతం లేకుండా. మంత్రిగారికంటే ఎత్తున ఎగురుతున్నందుకు పక్షులకి నోటీసులిచ్చారు, కొన్ని పాటించాయి. పక్క కొండ రవ్వంత ఎత్తని తేలితే దాన్ని సస్పెండ్ చేశారు. ప్రారంభం కాని బాట కనక టూరిస్టుల్ని ఎక్కనివ్వలేదు. బైనాక్యులర్లిచ్చి, కిందనుంచే మంత్రిగారిని చూసి ఆనందించమన్నారు.

మా అమ్మాయికి మాత్రం ఈ వైభవం కంటికి ఆనలేదు.

"నాన్నా, షాపు తెరవమంటే మీ అల్లుడు వినడు. మీరైనా చెప్పండి!"

"ఓపిక పట్టమ్మా, చరిత్ర దిగిరావాలి."

"అది దిగేదాకా పొయ్యి మీద ఏం పెట్టను, మీ బోడి చరిత్రనా?"

ఒక పొద్దున రేడియోలో మంత్రివర్గం మారిందన్నారు. మా మంత్రిగారి పేరు లేదు. వార్తలింకా అవకముందే ఆఫీసరు కొండ దిగేశాడు. వెనకే డిపార్టుమెంటూ, కార్యకర్తలూ జారుడుబల్ల మీద జారినట్టు జారిపోయారు. పైన మిగిలింది ఆయనా, మా అల్లుడూ.

అల్లుడు మొదటిసారి ముందు నడిచాడు. "నా వెనకే రండి సార్. బ్రేకు మెల్లిగా... రాయుంది, చూసుకోండి... భయం లేదు, నేనున్నాగా." పసిపిల్లాణ్ణి దింపినట్టు దింపాడు.

కింద ఆఫీసరు పూలదండ పట్టుకుని హడావుడిగా ఉన్నాడు. అల్లుడు రొప్పుతూ వెళ్ళి నిలబడ్డాడు.

"సార్, ఎక్కడమూ అయింది, దిగడమూ అయింది. నా ఆర్డరు?"

ఆఫీసరు మాజీగారిని కిందనుంచి పైదాకా చూశాడు.

"ఎక్కింది మంత్రిగారు. దిగింది ఎవరో. చెల్లదు. పక్కకి జరగవయ్యా, కొత్త మంత్రిగారు ఎక్కుతున్నారు."