నిమ్మకాయ వాసన వేసిన వాన

నేను అక్షరాలు దిద్దుకున్నది డెబ్బయ్యో ఏట. తప్పులుంటే సర్దుకోండి. ఒక పేజీ నింపడానికి నాకు ఒక పూట పడుతుంది. మీరూ నిదానంగా చదివితే ఇద్దరం సమానమవుతాం. ఇందులో చాలా సంగతులు లోర్నా నాకు చెప్పినవే. రాసుకోమని ఆమే అంది.

"మానవజాతి రెండు రకాలు. గుడారం కారేవాళ్ళు, గుడారం కారనివాళ్ళు. రెండో రకం మొత్తం మన సంఘంలోనే ఉంది."

గిప్స్‌లాండ్ ప్రాంతంలో టిన్‌పాట్ వాగు ఒడ్డున ప్రతి ఈస్టరుకూ జరిగే శిబిరాన్ని మెర్వ్ ట్రెలోర్ ఈ మాటలతోనే ప్రారంభించేవాడు. అతడు ట్రైలరు గుడారాల సంఘానికి అధ్యక్షుడు. కారు వెనక ట్రైలరు తగిలించుకుని రావడం, దాని మూత తీసి లోపల మడిచిపెట్టిన కాన్వాసును గొడుగులా విప్పడం, ఆ ట్రైలరు మీదే పరుపు వేసుకుని పడుకోవడం, ఇవీ ఆ పదకొండు కుటుంబాల వేడుకలు.

సంఘం మొదటి నియమం: సభ్యుల గుడారం కారదు. రెండో నియమం: కారినట్టు కనిపిస్తే అది ఆవిరి. మనిషి వదిలిన ఊపిరి చల్లటి కాన్వాసుకు తగిలి నీరై దిగుతుంది గనక, తప్పు గుడారానిది కాదు, ఊపిరి వదిలినవాళ్ళది. వాన కురిసిన మర్నాడు పొద్దున్నే కార్యదర్శి క్లెమ్ హాల్‌స్టెడ్ రిజిస్టరు పట్టుకుని గుడారం గుడారానికీ వెళ్ళి "పొడేనా?" అని అడిగేవాడు. "ఎడారి" అని జవాబు చెప్పాలి. తడిసిన దిండు వీపు వెనక దాచుకుని చెప్పినా చెల్లుతుంది. పదేళ్ళు వరసగా ఎడారి అనిపించుకున్నవాళ్ళకు నున్నగా చెక్కిన చెక్కఫలకం ఒకటి ఇస్తారు. ఆ ఈస్టరుకు అది మెర్వ్‌కు రావాలి. దానికోసం ఇంట్లో పొయ్యి పైన మేకు కూడా కొట్టి వచ్చాడు.

అతని భార్య లోర్నాకు మేకు మీద ధ్యాస లేదు. ఆమె ధ్యాస తన చెవి మీద ఉంది. గుడ్ ఫ్రైడే నాడు తెల్లవారుతుండగా సన్నటి తుంపర పడింది. చుక్క ఒకటి కాన్వాసు కుట్టులోంచి జారి సరిగ్గా ఆమె చెవిలో దిగింది.

"మెర్వ్, కారుతోంది."

"కారడం కాదు. ఆవిరి."

"నా చెవిలో పడింది మహానుభావా."

"నువ్వు అటు తిరిగి ఊపిరి వదిలావు, అందుకని అటు పడింది. కాస్త తక్కువ ఊపిరి తీసుకో."

లోర్నా లేచి కూర్చుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో తక్కువ మాట్లాడమన్నాడు, తక్కువ ఖర్చు పెట్టమన్నాడు, పడింది. ఊపిరి దాకా వస్తాడనుకోలేదు. చెవి తుడుచుకుని వేలు వాసన చూసింది.

"నా ఊపిరికి నిమ్మకాయ వాసన ఎందుకొస్తుంది?"

"రాత్రి చేప మీద పిండుకున్నావుగా," అన్నాడు మెర్వ్, దుప్పటి ముఖం మీదికి లాక్కుని.

అప్పుడు ఆమెకు నవంబరు నెల గుర్తొచ్చింది. ఆరబెట్టడానికి గుడారాన్ని పెరట్లో మల్బరీ చెట్టు కింద విప్పితే, పండ్లు తిన్న పిట్టలన్నీ దాని మీద ఊదారంగు రెట్టలు వేసిపోయాయి. ఆ వారంలోనే వంటింట్లో గిన్నెలు తోమే నిమ్మకాయ సబ్బునీళ్ళ సీసా సగానికి దిగింది. మొగుడు చాటుగా గిన్నెలు తోముతున్నాడు కాబోలని ఆమె మురిసిపోయి, చెల్లెలికి ఫోను చేసి మరీ చెప్పుకుంది.

కాన్వాసుకు సబ్బు తగలకూడదని ఆ సంఘంలో పసిపిల్లలకు కూడా తెలుసు. సబ్బు తగిలితే గుడ్డకు పట్టించిన మైనం వదిలిపోతుంది, ఆ తరవాత అది జల్లెడ. ఉత్త నీళ్ళు, మెత్తటి బ్రష్షు, అంతే. ఈ విషయం మీద ఏటా ముప్పావుగంట ఉపన్యాసం ఇచ్చేది మెర్వే. అయితే అదే సంఘం ఏటా అందరిలోకీ తెల్లగా ఉన్న గుడారానికి బహుమతి కప్పు ఒకటి కూడా ఇస్తుంది. ఉత్త నీళ్ళతో ఊదారంగు రెట్ట ఎలా పోతుందో ఉపన్యాసంలో ఉండదు.

లోర్నా గొంతు పెంచలేదు. తనకు ఫలకం వద్దంది, కొత్త గుడారం కూడా వద్దంది. "కారుతోందని ఒక్కసారి నోటితో అను, చాలు. అనలేకపోతే వచ్చే ఈస్టరు నుంచి ఈ పరుపు మీద నువ్వొక్కడివే పడుకో. ఊపిరి మొత్తం నీదే."

అది ఉత్త బెదిరింపు కాదని మెర్వ్‌కు తెలుసు. కిందటి చలికాలం ఆమె దగ్గుతో నెల రోజులు మంచం పట్టింది, ఇక తడి పరుపు ఆమెకు సరిపడదు. అతను దుప్పట్లోంచే, శనివారం ఫలకం అందుకున్నాక మాట్లాడుకుందామన్నాడు. ఇంతలో బయట క్లెమ్ "పొడేనా?" అన్నాడు. "ఎడారి," అన్నాడు మెర్వ్. లోర్నా తన దిండు పిండుకుంటోంది.

శిబిరానికి ఆ చివర, మరుగుదొడ్ల పక్కన, పన్నెండో గుడారం ఒకటుండేది. మేవిస్ అనే ముసలమ్మది. నాచు పట్టి, అతుకులు పడి, చూడ్డానికి గోనెసంచీలా ఉండేది. పోయిన మొగుడు ఏటా కుట్ల వెంబడి కొవ్వొత్తి రుద్దేవాడని ఈమె కూడా అలాగే రుద్దుతూ వచ్చింది తప్ప దాన్ని ఉతికిన పాపాన పోలేదు. సభ్యత్వం కోసం ఆమె పెట్టుకున్న దరఖాస్తు మూడేళ్ళుగా పరిశీలనలో ఉంది. మిగతా గడులు ఎవరిచేతో నింపించుకుంది గానీ నాలుగో గడిలో, గుడారం చివరిసారి శుభ్రం చేసిన తేదీ దగ్గర, ఆమె ఏమీ రాయలేదు. సిగ్గుపడి రాయలేదని సంఘం తేల్చింది. ఆమెకు చదువు రాదేమోనని ఎవరికీ తోచలేదు.

శనివారం మధ్యాహ్నం అందరూ గొడుగులు వేసుకుని మెర్వ్ గుడారం ముందు చేరారు. క్లెమ్ ఫలకం పైకెత్తి "పదేళ్ళుగా ఒక్క చుక్క కూడా..." అనేసరికి ఆకాశం చిల్లుపడినట్టు వాన దిగింది.

ముందు గుడారం కొప్పు మీద తెల్లటి బుడగలు లేచాయి. తరవాత నురగ కట్టింది. పాలు పొంగినట్టు పొంగి, నాలుగు పక్కలా జారి, మెర్వ్ బూట్ల చుట్టూ గుమిగూడింది. నిమ్మకాయ వాసన గుప్పుమంది.

"యూకలిప్టస్ చెట్లు," అన్నాడు మెర్వ్, ఉపన్యాసం గొంతుతో. "వాన పడితే ఈ చెట్ల మానుల మీద నురగ వస్తుంది. శాస్త్రం."

నిజమే, వస్తుంది. చెట్టుకు వస్తుంది.

క్లెమ్ ఇంకేదో అడగబోయి, ఎందుకో తన గుడారం వైపు చూసి నోరు మూసుకున్నాడు. అతనిదీ నురగ కక్కుతోంది, అది గులాబీ వాసన. దాని పక్కదీ అంతే. పదకొండు గుడారాలూ పెళ్ళికూతుళ్ళ ముసుగుల్లా తెల్లగా పొంగుతున్నాయి. నురగ అంతా కలిసి వాగులోకి దిగుతుంటే బాతులు గట్టెక్కి నిలబడ్డాయి. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ఇరవై ఇద్దరూ కలిసి యూకలిప్టస్ చెట్ల వైపు భక్తిగా చూశారు.

వాన ఇంకా పెరిగింది. ఎవరి గుడారంలోకి వాళ్ళు తొంగి చూసుకుని వెనక్కి వచ్చారు. అప్పుడు నురగ లేనిది ఒక్కటే ఉందని అందరికీ ఒకేసారి కనిపించింది.

"మేవిస్ గారి దరఖాస్తు చాలాకాలంగా ఉండిపోయింది," అన్నాడు మెర్వ్. "ఇప్పుడే వెళ్ళి పరిశీలించాలి. పూర్తి సభ్యసంఘం."

పూర్తి సభ్యసంఘం పరుగెత్తింది. మేవిస్ తలుపు గుడ్డ పక్కకు లాగి, రండి అని కెటిల్ పొయ్యి మీద పెట్టింది. ఆరుగురికి చోటున్న గుడారంలో ఇరవై ముగ్గురు, మోకాళ్ళు గడ్డాలకు ఆనించుకుని కూర్చున్నారు. లోపల నేల పొడిగా ఉంది. లోర్నా పరుపు చివర కూర్చుని చేత్తో తడిమి చూసింది. అదీ పొడిగానే ఉంది. చాలా ఏళ్ళకు ఆమె ఒళ్ళు వెచ్చబడింది.

పరిశీలన మూడు గంటలు సాగింది. కెటిల్ నాలుగుసార్లు మరిగింది. టీ తాగారు, ఉన్న బిస్కెట్లన్నీ తిన్నారు, అతుకుల గురించీ నాచు గురించీ కొంత విచారం వెలిబుచ్చారు. ఇరవై ముగ్గురి ఊపిరీ, కెటిల్ పొగా కలిసి చల్లటి కాన్వాసుకు పట్టి, బొట్టు బొట్టుగా కూడి, ఒక పెద్ద చుక్కై మెర్వ్ బట్టతల నడినెత్తిన టప్పున పడింది.

మెర్వ్ ఎగిరి లేచాడు.

"కారుతోంది!" అని అరిచాడు. "క్లెమ్, రాసుకో. ఈ గుడారం కారుతోంది."

రెండు రోజులుగా లోర్నా ఎదురుచూసిన మాట అది. అంత స్పష్టంగా, అంతమంది ఎదుట అంటాడని ఆమె కలలో కూడా అనుకోలేదు. టీ కప్పు కింద పెట్టి, ఎంతో మృదువుగా అంది.

"కారడం కాదు మెర్వ్. ఆవిరి. నువ్వు కాస్త తక్కువ ఊపిరి తీసుకో."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఊపిరి వదలాలి. క్లెమ్ రిజిస్టరు తెరిచి, కలం పట్టుకుని, మేవిస్ పేరు పక్కన "ఎడారి" అని రాశాడు. మెర్వ్ నెమ్మదిగా కూర్చున్నాడు. రెండో చుక్క పడకుండా, క్లెమ్ పక్కన పెట్టిన పదేళ్ళ ఫలకాన్ని అందుకుని నెత్తి మీద బోర్లించుకున్నాడు.

మేవిస్ క్రాడాక్, వయసు డెబ్బయ్యారు. ప్రస్తుత నివాసం బెయిర్న్స్‌డేల్, లోర్నా ట్రెలోర్ ఇంటి వెనక వీధిలో. ఈస్టరు నాలుగు రోజులూ మాత్రం ఇద్దరం నా గుడారంలోనే ఉంటాం. రాయడం వచ్చినా నాలుగో గడి ఇంకా ఖాళీగానే ఉంచాను.