ఐదో ఆకాశం

ఆ రోజు పొద్దున చుక్కలమ్మ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. చుక్కలమ్మ అన్నది పరిశోధనశాలలో అందరూ ఆమెకు పెట్టిన పేరు. ఆరేళ్ళుగా ఆమె చేస్తున్న పని పల్సార్లను పుట్టించడం. పల్సార్లంటే చచ్చిపోయాక కూడా ఊరుకోకుండా గిరగిరా తిరుగుతూ గామా కిరణాలు చిమ్మే నక్షత్రాలు. వాటిని కంప్యూటర్లో లక్షలకొద్దీ పుట్టించి, గెలాక్సీ నిండా చల్లి, భూమి మీద నిలబడి చూస్తే ఏవేవి కనిపిస్తాయో పటం గీయిస్తుంది.

ఇవాళ పరీక్షకుడి ముందు ఆరు పటాలు పెట్టాలి. ఐదు ఆమె కల్పించినవి, ఒకటి టెలిస్కోపు చూసిన అసలు ఆకాశం. అసలుది ఏదో ఆయన పోల్చుకోలేకపోతే డాక్టరేటు చేతికొస్తుంది. పోల్చుకున్నాడా, మళ్ళీ రెండేళ్ళు ఇదే కుర్చీ. పటాలు తననే తికమక పెట్టేంత బాగా కుదిరాయి కాబట్టి, ఏది ఏదో రాసి ఒక్కోదాని వెనకా పసుపు చీటీ అంటించుకుంది. అట్ట వేయమని వాటిని గుమస్తా బాబాయికి ఇచ్చింది.

బాబాయి శుభ్రతకు పెట్టింది పేరు.

"వెనకాల ఏవో చెత్త కాగితాలు అంటుకున్నాయమ్మా. గోటితో గీకి గీకి పీకేశాను. వరస కూడా మార్చి చక్కగా నంబర్లు వేశా" అన్నాడు మురిసిపోతూ.

చుక్కలమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. అప్పటికే పరీక్షకుడు కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఆయన పటాలన్నీ తిరగేసి మూడోదాని మీద వేలు పెట్టాడు.

"ఇదే అసలుది. ప్రకృతి చెయ్యి చూస్తేనే తెలిసిపోతుంది. అవునా?"

తెలిస్తే కదా చెప్పడానికి! అవునన్నట్టూ కాదన్నట్టూ తలాడించింది. ఆయనకు అవునన్న సగమే కనిపించింది.

"దొరికిపోయావమ్మా" అని నవ్వాడు. పక్కనున్న గైడు మేడం మొహం మాడిపోయింది.

"ఇక ఈ ఐదోది ఉందే, మరీ అన్యాయం" అంటూ ఆయన ఎర్ర పెన్సిల్ తీశాడు. "ఇక్కడ కుక్కేశావు, అక్కడ బోసిగా వదిలేశావు. ఆకాశం ఎక్కడన్నా ఇలా ఉంటుందా?"

"ఉండదు సార్. నేను ముందే చెప్పాను, వినదు" అంది మేడం, ఎన్నడూ చెప్పకపోయినా.

"పొరపాటైంది సార్" అంది చుక్కలమ్మ, ఆ పొరపాటేమిటో తెలియకుండానే.

దాంతో ఆయనకు ఊపొచ్చింది. నాలుగు పల్సార్లను కొట్టేశాడు, ఏడింటిని కొత్తగా పెట్టాడు, కింద "సవరించి మళ్ళీ సమర్పించాలి" అని రాసి సంతకం చేశాడు.

"దీన్ని ఏ లెక్కతో గీశావో తెచ్చి చూపించు. తప్పెక్కడుందో ఇప్పుడే తేల్చేద్దాం."

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. ఐదో పటాన్ని తను పుట్టించిన మొదటి ఆకాశంతో పోల్చింది. కలవలేదు. రెండోదానితో, మూడోదానితో కూడా కలవలేదు. ఐదూ అయిపోయాయి. ఇక మిగిలిందల్లా టెలిస్కోపు జాబితా. తెరిచి చూస్తే చుక్కకు చుక్క సరిపోయింది. ఆమెకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"సార్" అంది వీలైనంత వినయంగా, "ఈ ఐదోది నేను గీసింది కాదు సార్. మీరు అసలుదన్న మూడోదే నాది."

పరీక్షకుడు తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. తర్వాత డాక్టరేటు కాగితం మీద సంతకం పెట్టాడు.

"నేను ముందే చెప్పాను సార్" అంది మేడం.

ఆకాశం మాత్రం ఇంతవరకూ సవరించుకుని మళ్ళీ సమర్పించలేదు.