సర్పంచ్ గదిలో ఎర్ర అడుగులు

“మా పంచాయతీ భవనంలో అంగుళం అంగుళానా ఆడవాళ్లకు చోటుంది!” అని గుండ్లకుంట సర్పంచ్ భర్త సిద్దిరాములు మైకులో ప్రకటించాడు. సర్పంచ్ బాలలక్ష్మి అప్పుడు ఇంట్లో పప్పు తాలింపు పెడుతోంది. పదవి ఆమెది, పాదం ఆయనది. ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఇంతటి అన్యోన్య పాలన ఇంకోటి లేదని ఆయన అభిప్రాయం.

ఆ చోటును బొమ్మగా చూపిస్తానని కామారెడ్డి నుంచి జీనత్ అనే చిత్రకారిణి వచ్చింది. భవనమంతా తెల్లగుడ్డ పరిచింది. వాకిట్లో రెండు రంగు పళ్లేలు పెట్టింది. ఆడవాళ్లు ఎరుపులో, మగవాళ్లు నీలంలో పాదాలు ముంచి, రోజూ తిరిగే చోటే తిరగాలి. ఐదు రోజులు.

“గోడలు అందరికీ ఒకటే సార్. గది అందరికీ ఒకటి కాదు. అదే నా బొమ్మ.”

సిద్దిరాములుకు సగమే అర్థమైంది. ఉత్తమ మహిళా భవనానికి కామారెడ్డి సంఘమొకటి షీల్డు ఇస్తుందని తెలిశాక మిగతా సగం కూడా అర్థమైంది. షీల్డు పెట్టడానికి గోడకు మేకు కొట్టించాడు.

ఐదో రోజు పొద్దున సిద్దిరాములు గుడ్డ చూశాడు. ఎర్ర అడుగులు వరండాలో వరస కట్టాయి, చాయ్ పొయ్యి చుట్టూ ప్రదక్షిణలు చేశాయి. సర్పంచ్ గది మాత్రం నిఖార్సయిన నీలాకాశం. ఒకే ఒక్క ఎర్ర జాడ గడప దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

“గిది ఎవరిది సత్తార్?” అని అటెండర్‌ను అడిగాడు.

“మేడందే అన్నా. రోజూ నీకు టిఫిన్ తెస్తది గదా.”

వెంటనే ఇంటికి ఫోన్ కొట్టాడు. “జల్ది రా. నా రూముల నాలుగు అడుగులెయ్యాలె.”

“గెలిచిన్నాటి సంది నా బదులు అన్నీ నువ్వే చేస్తివి. గా అడుగులు గూడ నువ్వే ఎయ్యి,” అని బాలలక్ష్మి ఫోన్ పెట్టేసింది.

ప్రజాసేవకుడు మాట జవదాటడు. ఎర్ర పళ్లెంలో కాళ్లు ముంచి, లేని చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకున్నట్టు నడుస్తూ గదంతా నింపాడు.

“అన్నా, మేడం పాదం గింత పెద్దదా?”

“పదవి పెద్దదైతే పాదం పెద్దదే అయితది!”

పదకొండింటికి న్యాయనిర్ణేతల కారు వచ్చింది. ముగ్గురూ పక్క ఊళ్ల మహిళా సర్పంచ్‌లు. కారులోంచి తెల్ల చొక్కాలు మూడు దిగాయి.

“మేడమ్‌లు ఏరి?” అంది జీనత్.

“ఇంటికాడ పనుల ఉన్నరమ్మా. వాళ్ల తరఫున మేమొచ్చినం.”

జీనత్ నీలం పళ్లెం చూపించింది.

“ఎట్లయితది? మేం మేడమ్‌ల హోదాల వచ్చినం గదా!” అంటూ ముగ్గురూ ఎరుపులో దిగారు. పళ్లెం అడుగంటింది. గది ఎర్రమందారమైంది. “గింతమంది ఆడవాళ్లు తిరిగే రూము మేం యాడ జూడలే. షీల్డు మీదే!” అన్నారు. సిద్దిరాములుకు కళ్లు చెమర్చాయి.

చాయ్ ఫ్లాస్కుతో బాలలక్ష్మి వచ్చింది. ఖాళీ పళ్లెం చూసింది.

“ఎరుపు లేదా అమ్మా?”

“అయిపోయింది మేడం,” అంది జీనత్.

బాలలక్ష్మి ఫ్లాస్కు సత్తార్ చేతికిచ్చింది. నీలంలో రెండు పాదాలూ ముంచింది. వరండా దాటి, గడప దాటి, న్యాయనిర్ణేతల మధ్య నుంచి పోయి కుర్చీలో కూర్చుంది.

“మా ఆయన తరఫున వచ్చిన,” అంది. “చెప్పుండ్రి, ఏం పని?”