మీటరుకు పెట్టిన బొట్టు

శేఖర్ ఎల్బీ నగర్ చౌరస్తాలో టోయింగ్ బండి నడుపుతాడు. ఆగిపోయిన కార్లను లాక్కెళ్లడం కంటే వాటి ఓనర్లకు పాఠం చెప్పడం అతనికి ఎక్కువ ఇష్టం. "ఆయిల్ లైటు ఎర్రగ వెలిగినంక గూడ నడిపితే ఇంజిన్ బతుకుతదా సార్?" అన్నది అందులో మొదటి పాఠం.

అలాంటి శేఖర్ బండిలోనే సోమవారం ఆ ఎర్ర లైటు వెలిగింది.

"మెకానిక్ గోపయ్యకు చూపియ్యి" అంది భార్య అరుణజ్యోతి.

"డిప్‌స్టిక్ తీసి చూసిన. ఆయిల్ నిండ ఉంది. సెన్సార్ ఖరాబైంది, అంతే."

"గదే ముక్క గోపయ్య చెప్తడు గద."

"నాకు గోపయ్య చెప్పుడేంది?"

పోయిన నెల ఇంజిన్ కింద ఆయిల్ కారుతుంటే శేఖర్ తానే అడుగునున్న ఆయిల్ ట్రే విప్పి, అతికించే పేస్టు ట్యూబు మొత్తం పూసి బిగించాడు. ఆ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుని, ఇక గోపయ్యతో పనిలేదని టోయింగ్ బండ్ల స్టాండంతా చాటాడు. ఇప్పుడు ఏ ముఖంతో వెళ్తాడు?

శుక్రవారం బడంగ్‌పేట్‌లో అరుణజ్యోతి అక్కవాళ్ల గృహప్రవేశం. ఈ బండిలోనే వెళ్లాలి. లైటు ఇంకా వెలుగుతోందని చూస్తే ఆమె ఊరుకోదు. అందుకని శేఖర్ ఆ పొద్దున్నే లేచి గంధం కలిపి, మీటరులో ఆ లైటు మీద రూపాయి బిళ్లంత బొట్టు పెట్టి కుంకుమ అద్దాడు. అనుమానం రాకుండా స్టీరింగుకు, గేరుకు, హారనుకు కూడా పెట్టాడు.

"ఎన్నడు లేని భక్తి" అంది అరుణజ్యోతి.

"శుభకార్యానికి పోతున్నం గద."

ఆమె బండెక్కి కూర్చుంది. గెలిచాననుకున్నాడు శేఖర్.

బయల్దేరగానే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఫోను. వెంకట్రావు అనే రిటైర్డ్ మాస్టారి కారు ఆగిపోయింది, హయత్‌నగర్ చేర్చాలి. కారును బండి మీదికెక్కించి, మాస్టారినీ ఆయన భార్య హనుమాయమ్మనూ ముందు సీట్లోనే ఇరికించాడు శేఖర్. పాఠం మొత్తం చెప్పాడు. మాస్టారు తప్పు చేసిన పిల్లాడిలా తలొంచుకున్నారు.

చైతన్యపురి దాటేసరికి మీటరు మీది గంధం ఎండి పెళుసుబారి, పెచ్చులా ఊడిపడింది.

"దేవుడి పటం కింద దీపం ఎంత బావుందమ్మా" అంది హనుమాయమ్మ.

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. "దీపం కాదే. మన కారులో వెలిగిందే ఇది."

ఇంజిన్ టకటకమని కొట్టుకుంది.

"ఎర్రగా వెలిగాక కూడా నడిపితే ఇంజిన్ బతుకుతుందా బాబూ?" అన్నారాయన ఎంతో మర్యాదగా.

శేఖర్ చెవులు కాలిపోయాయి. అరుణజ్యోతి చెయ్యి చాచి తాళం తిప్పి ఇంజిన్ ఆపేసింది. "ఇంజిన్ పోతే తినేదేంది?"

బండి ఆగింది ఎల్బీ నగర్ మెట్రో కింద, సరిగ్గా వాళ్ల స్టాండు ముందు. మీద కారుతో ఉన్న టోయింగ్ బండిని ఇంకో టోయింగ్ బండి లాక్కెళ్తుంటే మెట్రో మెట్ల మీద జనం ఫోన్లు తీశారు.

"రా శేఖరన్నా, సోమవారం నుంచి చూస్తున్న" అన్నాడు షెడ్డు ముందు నిలబడ్డ గోపయ్య.

శేఖర్ భార్య వైపు తిరిగాడు.

"సోమవారమే చెప్పిన. పదకొండేండ్ల సంది బండికి బొట్లు పెట్టేది నేను" అంది ఆమె. "మీటరుకు ఎన్నడన్న పెట్టిన్నా?"

గోపయ్య సెన్సార్ విప్పి, అక్కడ ప్రెషర్ కొలిచే గేజీ బిగించి ఇంజిన్ స్టార్ట్ చేయించాడు. ముల్లు కాస్త వణికి పడుకుంది. "సెన్సార్ మంచిగనే ఉంది. ప్రెషరే లేదు." ట్రే విప్పితే, ఆయిల్‌ను పైకి లాగే జల్లెడ నిండా ఎండిన పేస్టు సేమ్యాలా ఇరుక్కుని ఉంది.

"గింత పేస్టు ఎవడు పూసిండే?"

"ఎవడో కొత్తోడు" అన్నాడు శేఖర్ నేల చూస్తూ.

"నీ స్టేటస్‌ల చూసిన. ఆ కొత్తోడు అచ్చం నీ లెక్కనే ఉండె."

షెడ్డంతా నవ్వింది. మాస్టారు ఒక్కరే మర్యాద కొద్దీ పైకప్పు చూస్తూ నిలబడ్డారు. శేఖర్‌కు ఆ మర్యాదే ఎక్కువ గుచ్చుకుంది.

జల్లెడ కడిగి, కొత్త ఆయిల్ పోశాక లైటు ఆరిపోయింది. అరుణజ్యోతి మీటరు తుడిచి, స్టీరింగు మీద మిగిలిన గంధం వేలితో తీసి శేఖర్ నుదుట ఆవగింజంత అద్దింది.

"గింతేనా?" అన్నాడతను మెల్లగా.

"గింతే. పేస్టు గూడ గింతే."