టైలరమ్మకు హైడ్రోజన్ వైద్యం

హైడ్రోజన్‌ను మించిన ఆత్మబంధువు లేడండీ! నవ్వకండి. నిండా మనుషులున్న ఇంట్లో లేని సందడిని ఆ గ్యాసు ఒక్క గ్లాసుతో తెచ్చిపెట్టింది.

టైలరమ్మ ఒకప్పుడు వీధిలో అందరి ఒంటి కొలతలూ నోటికి చెప్పిన మనిషి. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించి, ఎందుకెక్కించానా అని చూస్తూ కూర్చుంటోంది. మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీను పేరుకుని నరాలు దెబ్బతింటున్నాయని డాక్టరు చెప్పాడు. ఇంటిల్లిపాదీ తల్లడిల్లిపోయారు. తల్లడిల్లి, ఎవరి ఫోన్లు వాళ్లు తీశారు.

పెద్దకొడుక్కి పరిశోధన దొరికింది. హైడ్రోజన్ ఇస్తే ఎలుకల్లో ఆ పేరుకున్న సరుకు తగ్గిందట. మనుషుల సంగతి ఇంకా తేలలేదని కింద రాసే ఉంది. కిందిదాకా చదివే తీరిక ఎవరికుంది చెప్పండి? మర్నాటికల్లా వంటింట్లో నీళ్లలోకి హైడ్రోజన్ బుడగలు వదిలే మిషను వెలిసింది.

దానికో నియమం. గ్లాసులో పోయగానే తాగించాలి, ఆలస్యమైతే గ్యాసు ఎగిరిపోతుంది. ఆవిడ చేతికిస్తే పక్కన పెట్టి మర్చిపోతుంది. అంచేత పూటకొకరు ఆవిడ ఎదురుగా కూర్చోక తప్పింది కాదు, పాపం.

"తాగమ్మా, గ్యాసు పోతుంది," అన్నాడు చిన్నకొడుకు.

"పోతే పోయిందిలే. ఆ చొక్కా భుజం దగ్గర పట్టేస్తోంది, ఎవడు కుట్టాడ్రా? విప్పి ఇటివ్వు."

కుట్టు విప్పి, తానే వదులు చేసి ఇచ్చింది. వారం తిరిగేసరికి అందరినీ పేర్లు పెట్టి పిలుస్తోంది, కోడళ్లను ఆటపట్టిస్తోంది. హైడ్రోజన్ మహిమకు ఇల్లంతా ముక్కున వేలేసుకుంది.

సైన్సు అక్కడితో ఆగుతుందా? గ్యాసు పోకుండా బిగుతు మూతా, పీల్చుకునే గొట్టమూ ఉన్న సీసా తెప్పించాడు పెద్దకొడుకు. మంచం పక్కన పెడితే చాలు, ఎవరూ కూర్చోనక్కర్లేదు. గుర్తు చేయడానికి అలారం కూడా ఉంది. "అమ్మా, నీళ్లు తాగు," అని అచ్చం అతని గొంతుతోనే పిలుస్తుంది. ఎంత సుఖం!

కొన్నాళ్లకు ఆవిడ మాటలు తగ్గాయి, నవ్వు పోయింది. మోతాదు చాలడం లేదని ఇంట్లో ఏకగ్రీవంగా తేల్చేశారు. ఇంకా పెద్ద సీసా వచ్చింది. పెద్దకొడుకు స్వయంగా దాన్ని పట్టుకుని గదిలోకి వెళ్లాడు. అప్పుడే అలారం మోగింది.

టైలరమ్మ గబగబా లేచి కూర్చుని అతని వంక చూసింది.

"బాబూ, మా పెద్దాడు బయట నిలబడి పిలుస్తున్నాడు. కాస్త తలుపు తీసి పెట్టండి."