దేవరాజ్ కారుకు కొక్కెం

ఆ పొద్దున దేవరాజ్ అనుకున్న పని చాలా చిన్నది. పండిన పట్టుగూళ్లను తన ఎలక్ట్రిక్ కారు వెనక ట్రెయిలర్‌లో వేసుకుని, వేలం మొదలయ్యేలోగా శిడ్లఘట్ట మార్కెట్టుకు చేర్చాలి. ప్రతి పంటకూ పాపన్న లగేజీ ఆటో కోసం వాకిట్లో కాచుకోవడం అతనికి నామోషీగా ఉండేది. అందుకే చింతామణిలో మెకానిక్ లోకేశ్ చేత కారుకు ట్రెయిలర్ తగిలించే కొక్కెం బిగింపించి, ట్రెయిలర్ లైట్లకు వైరింగు చేయించాడు.

"పాపన్న ఆటో ఉండంగా ఈ కొక్కెం యాలప్పా?" అంది భార్య మునిరత్నమ్మ.

"ఇంక వాని ఆటోతో మనకు పనే లేదు. చూస్తా ఉండు!"

పూజ కానిదే ఏ కొత్త సామానునూ మునిరత్నమ్మ వాకిలి దాటనివ్వదు. కొక్కేనికి తనివితీరా పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, తనూ కారెక్కింది.

దారి పొడుగునా జనం చేతులూపారు, వెనక బండ్లు హారన్లు కొట్టాయి. తన కొక్కెం ఖ్యాతి అప్పుడే పాకిందని దేవరాజ్ పొంగిపోయి అందరికీ చేయి ఊపాడు. అంతలో అద్దంలో పాపన్న ఆటో కనబడింది. ఇక అతని ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

ఎడమకు మట్టిదారి చీలేచోట కుక్క అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కి, అది దాటాక నేరుగా కదిలాడు. వెనక దబ్బుమని చప్పుడైంది. పాపన్న ఆటో రోడ్డు దిగి, టమాటా తోట కాలువలో ముక్కు గుచ్చుకుని నిలబడింది.

"ఎడమకు లైటు వేస్తివే దేవరాజన్నా!" బురదకాళ్లతో పాపన్న పైకొచ్చాడు. "సరేనని కుడిపక్కనుంచి దాటబోతే నేరుగా పోతాండావు, సందు లేక కాలువలో పడితిని!"

"నేను తొక్కింది బ్రేకప్పా!"

వెనకే వచ్చిన పాల బండాయన నవ్వాడు. "చింతామణి నుంచీ నువ్వు బ్రేకు తొక్కితే ఎడమ లైటే మిణుకుతాండాది. మేం చేతులూపి చెప్తాంటే, నువ్వు ఓట్లడిగేవాని మాదిరి తిరిగి ఊపుతాండావు!"

దేవరాజ్ లోకేశ్‌కు ఫోను చేశాడు.

"నా వైరింగు సరిగ్గానే ఉండాదన్నా. కొక్కెం పక్కన ప్లగ్గు పెట్టే సాకెట్లో ఏమన్నా పడిందేమో చూడు."

ప్లగ్గు లాగి చూస్తే లోపలంతా పచ్చగా ఉంది.

"ఏడు చిల్లులుండాయి కదా," అంది మునిరత్నమ్మ, "అన్నిటికీ పసుపు పెట్టినా. ఒకదానికి పెట్టి ఒకదానికి మానేస్తే బాగుంటాదా?"

కోపం రావలసిన చోట దేవరాజ్‌కు నవ్వొచ్చింది. పాపన్నకు మాత్రం రాలేదు. ఆటోలో ఇరుగుపొరుగుల గూళ్లున్నాయి, బండేమో స్టార్టు కావడం లేదు. మార్కెట్లో వేలం ఎవరికోసమూ ఆగదు. కొక్కెం చూస్తే ఒక్కటే. ట్రెయిలర్ లాక్కుపోతే వాళ్ల గూళ్లు ఇక్కడే మిగిలిపోతాయి, తప్పేమో తన కారుది. దేవరాజ్ ఒక నిట్టూర్పు విడిచి ట్రెయిలర్ ఊడదీశాడు.

నలుగురూ నెడితే, కారు లాగితే ఆటో రోడ్డెక్కింది. ట్రెయిలర్‌ను, చప్పుడు విని వచ్చిన టమాటా తోటాయనకు అప్పగించి, అందులోని మూటలన్నీ ఆటోలోకి మార్చారు. కొక్కేనికి తాడు కట్టుకుని కారు మెల్లగా శిడ్లఘట్ట దారి పట్టింది.

సరిగ్గా వేలం మొదలవుతుండగా చేరుకున్నారు. ఎప్పటిలాగే దేవరాజ్ గూళ్లు పాపన్న ఆటోలోంచే దిగాయి. మంచి ధర పలికింది కాబట్టి దేవరాజ్‌కు అది పెద్దగా బాధనిపించలేదు. మునిరత్నమ్మ అంతా పూజ మహిమేనంది.

పాపన్న మాత్రం కనబడినవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు: "ఈ కరెంటు బండ్లు మంచివేనప్పా, దారంతా నా ఆటో చుక్క డీజిల్ తాగలేదు!"