పగులు మీద అద్దం

స్టేషన్ మరమ్మతు అంటే ఏళ్ల తరబడి సాగాలి. పూర్తయిందంటే కొంప మునిగినట్టే!

అయ్యా, కోప్పడకండి. మీరు ప్రయాణికులు, నేను వ్యాపారిని. లాభనష్టాలు బేరీజు వేయకుండా మాట జారను.

లైట్ రైల్ ప్లాట్‌ఫారం కింద నాది ఫొటో ఫ్రేముల దుకాణం. స్టేషన్ పాతబడింది, స్తంభాలకు ఉక్కు తొడుగులు వేసి దూలాలను గట్టిపరుస్తామంటూ పరంజా కట్టారు. కట్టి వదిలేశారు. ఎంత మేలు చేశారో చూడండి! పరంజా కర్రలకు నా ఫ్రేములు వేలాడదీశాను, షోరూమ్ ఖర్చు మిగిలింది. దారి ఇరుకై జనం నా గుమ్మం రాసుకుంటూ నడిచారు. పైనుంచి పెచ్చులూడినప్పుడల్లా లోపలికి పరుగెత్తుకొచ్చారు. వచ్చినవాళ్లు ఊరికే నిలబడలేక ఏదో ఒకటి బేరమాడారు. ఏ ప్రకటన ఇంత పని చేస్తుంది?

అసలు లాభం ఇంకా చెప్పలేదు. దూలంలో పగులు పెరుగుతోందో లేదో కనిపెట్టడానికి దాని మీద అడ్డంగా సన్నటి గాజు పలక అతికిస్తారు. పగులు పెరిగితే పలక విరుగుతుంది. విరిగితే వెంటనే దూలానికి ఆసరా పెట్టాలి. అదీ పద్ధతి.

ఈ మరమ్మతు పనులు చూసే సూపర్‌వైజర్ పొదుపరి. పలక విరిగితే కొత్త పలక అతికించేవాడు! పలకలు ఎవరివి? నావే.

మా ఆవిడ కూర్చునే కౌంటర్ ఉంది చూశారూ, సరిగ్గా దాని పైనున్న దూలానికే గిరాకీ ఎక్కువ. ఒకరోజు పలక చిట్లి, ముక్క ఆమె ఒళ్లో పడింది. వెంటనే సూపర్‌వైజర్‌ను పిలిచి అడిగింది.

"ఏం బాబూ, మళ్లీ విరిగిందే! ఈ దూలం నిలుస్తుందా, నన్ను ఇప్పుడే లేచిపొమ్మంటావా?"

"దూలానికేం కాలేదమ్మా. మీ ఆయన గాజులోనే నాణ్యత లేదు."

నా సరుకును అంటే ఊరుకుంటానా? "దూలం తప్పు తెచ్చి నా గాజు నెత్తిన రుద్దుతావేంటయ్యా!"

"గొడవెందుకు సార్? రేపు పెద్ద సార్ ఇన్‌స్పెక్షన్. విరగని రకం ఉంటే ఇచ్చేయండి."

గిరాకీ వచ్చి అడిగితే లేదనడం మా ఇంటా వంటా లేదు. వంగే ప్లాస్టిక్ షీటు కోసి ఇచ్చాను. కింది నుంచి చూస్తే అచ్చం గాజే!

పెద్ద సారు వచ్చారు. ఒక్క పలకా విరగలేదని మురిసిపోయారు. దూలాలు భేషుగ్గా ఉన్నాయి, ఉక్కు తొడుగులు దండగన్నారు. పరంజా విప్పించి, స్తంభాలకు రంగు వేయించి, 'మీ భద్రతే మా ధ్యేయం' అని బోర్డు పెట్టించారు. బోర్డుకు ఫ్రేము కూడా మన దగ్గరే!

మా ఆవిడ బోర్డు చదివింది. తలెత్తి దూలం వైపు చూసింది. ప్లాస్టిక్ ముక్క విల్లులా వంగి ఉంది.

"ఈ సరుకు అమ్మింది మీరేగా?" అంటూ కుర్చీలోంచి లేచింది. "రండి, ఇక మీరే కూర్చోండి."

నేను కూర్చోలేదు. నిలబడే అన్ని లెక్కలూ వేసుకున్నాను.

పాఠకులారా, మా స్టేషన్ మరమ్మతు దిగ్విజయంగా పూర్తయింది. దుకాణం మాత్రం రోడ్డుకు అవతలి వైపు మార్చాం. ఫ్రేములు కావలసినవారు దయచేసి బస్సులో రండి.